ఆస్తి మేడ్చల్‌లో, అమ్మకము ఫ్రాన్సులో

మేడ్చల్, శామీర్‌పేట దారులు ఎరిగినవారు శ్రోతలలో పెక్కుమంది యుందురు. సికింద్రాబాదునుండి నాగపూరు బాట పట్టి ఉత్తరముగా పోయినచో కొంపల్లి దాటిన పిమ్మట మేడ్చల్ వచ్చును. కరీంనగరము బాట పట్టినచో శామీర్‌పేట చెరువును, దాని ఆవల తుర్కపల్లియు వచ్చును. మా చిన్ననాట ఇవి జొన్నచేల దారులు, ద్రాక్షతోటల దారులు. నేడు టీకాలు, ఔషధములు తయారు చేయు కర్మాగారముల దారులు. ఈ నాటి ప్రసంగములో మేము చెప్పదలచినది టీకాల కథ కాదు. అక్కడి టీకా కంపెనీ ఒకటి చేతులు మారినపుడు పుట్టిన లాభముపై పన్ను ఎవరికి చెల్లవలెనను తగవు కథ. ఆ తగవు హైదరాబాదు హైకోర్టులో తీరినది. అయినను దాని వేళ్ళు చాల లోతుకు పోవుచున్నవి గనుక కొంచెము వెనుకనుండియే మొదలు పెట్టుదుము.

మేడ్చల్ వారికి ‘కట్టిన పన్ను ఎచ్చటికి పోవును?’ అను ప్రశ్న కొత్తది కాదు. నిజాముల కాలమున రాజధాని చుట్టునున్న భూములు అత్రాఫ్-ఎ-బల్దా అను జిల్లాగా ఉండెను. మేడ్చల్ అందులో ఒక తాలూకా. ఆ జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్, అనగా ప్రభువు స్వంత ఖర్చులకు కేటాయించిన సీమ. అక్కడి రైతు కట్టిన శిస్తు దివానీ ఖజానాకు పోక నిజాము స్వంత ఖజానాకు చేరెడిది. పోలీసు చర్య జరిగిన తరువాత, 1949లో గాని సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలియలేదు. అంతకుముందు 1900 ప్రాంతమున మేడ్చల్ మీదుగా మన్మాడు వరకు మీటరుగేజి రైలుమార్గము పడినది. హైదరాబాదు-గోదావరి లోయ మార్గమని దానిని పిలిచిరి. దానిని నడపిన నిజాం గ్యారంటీ స్టేట్ రైల్వే కంపెనీ లండనులో రిజిస్టరయిన సంస్థ. పట్టాలు మన పొలాలలో, వాటాపత్రములు లండనులో! 1930లో నిజాము ప్రభుత్వము ఆ రైల్వేను కొని స్వంతము చేసికొన్నది. గనుల విషయమున ఇంకను రచ్చ జరిగినది. 1886లో గనుల హక్కు పొందిన లండను కంపెనీ వాటాల వ్యవహారముపై 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘమే విచారణ జరిపినది. బొగ్గు సింగరేణిది, లాభమునకు లెక్క వ్రాసినది మాత్రము థేమ్సు ఒడ్డున.

సంస్థానములకు మరియొక గుణము కూడ ఉండెడిది. దానిని నేటివారు మరచిరి. బ్రిటిషు ఇండియాలో 1860 నుండి, మధ్యమధ్య విరామములతో, ఆదాయపు పన్ను ఉన్నది. సంస్థానములలో పెక్కింట అది లేదు, ఉన్నచోట స్వల్పము. 1922 నాటి చట్టములో తరువాత చేరిన ఒక నిబంధన ప్రకారము, సంస్థానములో సంపాదించిన ఆదాయమును బ్రిటిషు ఇండియాకు తెచ్చుకొననంతవరకు దానిపై పన్ను లేదు. ఇంకేమి కావలెను? బొంబాయి వర్తకునికి సముద్రము దాటవలసిన పని లేకుండెను. సంస్థానపు సరిహద్దు దాటిన చాలును. హైదరాబాదు ఆదాయపు పన్ను చట్టమే 1357 ఫసలీ నాటిది, అనగా 1947-48 నాటిది. 1950 ఏప్రిల్ 1న భారత ఆదాయపు పన్ను చట్టము ఈ రాష్ట్రములకు వర్తించిన నాటితో ఆ సరిహద్దు చెరిగిపోయినది. కనుక, పన్ను లేని చోటికి లాభమును తరలించు విద్యను మనకు పరదేశీయులు నేర్పిరనుట సరికాదు. మన ఇంటనే దాని బడి ఉండెను.

ఇక అసలు కథకు వత్తము. నెల్లూరు జిల్లావాడైన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు శ్రీ కె. ఐ. వరప్రసాద రెడ్డి 1990ల ఆరంభమున జెనీవాలో ఒక సభకు వెళ్ళెను. హెపటైటిస్-బి టీకా పరిజ్ఞానమును కోరగా అచ్చట తనకు అవమానకరమైన జవాబు వచ్చినదని ఆయన పలుమారులు చెప్పుకొనిరి. తిరిగి వచ్చి 1993లో తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను స్థాపించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, తరువాత కణ, అణు జీవశాస్త్ర కేంద్రములోను సంస్థ శాస్త్రజ్ఞులకు తావు దొరకెను. ఒమన్ దేశపు విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టిరి. కేంద్ర ప్రభుత్వపు టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు అప్పు ఇచ్చినది. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి అను టీకా మేడ్చల్ నుండి వెలువడినది. జన్యు పునస్సంయోజన పద్ధతిని మన దేశమున తయారైన మొదటి టీకా అదియే. దిగుమతి టీకా వందల రూపాయలు పలుకుచున్న దినములలో ఇది సుమారు 50 రూపాయలకు వచ్చినది. మేము అప్పటికి కళాశాల విద్యార్థులము. పేటలోని పాఠశాల ఆవరణములో టీకా శిబిరము పెట్టగా చొక్కా చేతులు మడచుకొని వరుసలో నిలుచుంటిమి. మా ముందు నిలిచినవారు రిక్షా లాగువారు, వారి బిడ్డలు. ధర తగ్గుట అనగా ఏమో మాకు ఆ నాడు తెలిసినది.

2006లో ఫ్రాన్సు దేశపు మెరియూ అలయన్సు అను సంస్థ శాంతాలో అధిక వాటాలను కొనుటకు పూనుకొన్నది. లియోన్ నగరమున 19వ శతాబ్దాంతము నుండి టీకాలు, సీరములు చేసిన కుటుంబము వారిది. అయితే వాటాలను తన పేర కొనలేదు. అదే సంవత్సరము అక్టోబరు చివర ఫ్రాన్సులో ‘షాన్‌హెచ్’ అను చిన్న కంపెనీని పెట్టి, దాని పేర కొనిపించినది. దస్సో కుటుంబపు పెట్టుబడి సంస్థ అందులో 20 శాతము భాగము పుచ్చుకొన్నది. కాలక్రమమున శాంతాలో నూటికి సుమారు 80 వాటాలు షాన్‌హెచ్ చేతికి వచ్చెను. 2009 జులైలో మెరియూ, దస్సో సంస్థలు షాన్‌హెచ్‌నే మొత్తముగా సనోఫీ పాశ్చర్ సంస్థకు అమ్మివేసినవి. శాంతా మొత్తము విలువను 55 కోట్ల యూరోలుగా కట్టినట్లు ఆ సందర్భమున ప్రకటించిరి. సనోఫీ పాశ్చర్ ముఖ్య కార్యాలయమును లియోన్‌లోనే ఉండెను. ముఖ్యముగా అమ్మినవారు, కొన్నవారు ఒకే ఊరివారు; వస్తువు మాత్రము ఏడువేల కిలోమీటర్ల ఆవల, మేడ్చల్‌లో.

మేడ్చల్ కర్మాగారములో ఆ దినమున ఏమి మారినది? ఏమియు మారలేదు. శాంతా వాటాల రిజిస్టరులో షాన్‌హెచ్ అను పేరు అట్లే ఉన్నది. షాన్‌హెచ్‌కు యజమాని ఎవరన్న మాట ఒకటే మారినది. చిక్కంతయు అచ్చటనే ఉన్నది.

ఆదాయపు పన్ను శాఖవారు ఈ అమ్మకమును చూచి, ‘షాన్‌హెచ్‌కు శాంతా వాటాలు తప్ప వేరు ఆస్తి గాని వ్యాపారము గాని లేదు, కాబట్టి అమ్ముడుపోయినది శాంతాయే, లాభము ఈ నేలపై పుట్టినది, కొన్నవారు చెల్లింపులోనుండి పన్ను పట్టుకొని మాకు కట్టవలసి యుండెను’ అనిరి. 2010 మే నెలలో సనోఫీని బకాయిదారుగా నిర్ణయించిరి. అడిగిన సొమ్ము వందల కోట్లు. అమ్మినవారు ఢిల్లీలోని అడ్వాన్స్ రూలింగుల అథారిటీ వద్దకు పోగా, 2011 నవంబరులో ఆ అథారిటీయు పన్ను చెల్లవలెననియే చెప్పినది. పన్ను తప్పించుకొనుటకే ఈ ఏర్పాటు పన్నిరని దాని అభిప్రాయము. అప్పుడు వ్యవహారము ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు వచ్చినది.

తీర్పు చెప్పుటకు ముందు రెండు మాటలకు గల భేదము చెప్పవలెను. పన్ను ఎగవేత వేరు, పన్ను తప్పింపు వేరు. దొంగలెక్క వ్రాసి, ఉన్న ఆదాయమును లేదనుట ఎగవేత, అది నేరము. ఉన్నది ఉన్నట్లు చూపి, చట్టములోని సందుగుండ నడచిపోవుట తప్పింపు. అది నేరము కాదు. ఇంగ్లండులో వెస్ట్‌మినిస్టరు డ్యూకు తన తోటమాలికి జీతమును జీతముగా ఈయక, దస్తావేజు వ్రాసి వార్షికముగా ఇచ్చి పన్ను తగ్గించుకొనెను. 1935లో ప్రభువుల సభ అది సరియేనన్నది. తోటమాలి నిజముగ తోటమాలియే, నీరు పోయుచునే ఉన్నాడు. దస్తావేజులో మాత్రము అతడు మరియొకరు! ఆ తీర్పును పట్టుకొని కంపెనీల వకీళ్ళు సుమారు అర్ధశతాబ్దము బ్రతికిరి.

ఆ వాదమునకు మన దేశమున గట్టి దెబ్బ కొట్టిన తీర్పు కూడ హైదరాబాదు వ్యవహారముననే పుట్టుట విశేషము. హైదరాబాదున సారాయి తయారు చేయు మెక్డోవెల్ కంపెనీ, ఎక్సైజు సుంకమును కొనువారిచేతనే ఖజానాకు నేరుగా కట్టించి, ఆ సొమ్ము తన అమ్మకపు లెక్కలో చేరదు గనుక దానిపై అమ్మకపు పన్ను లేదని వాదించెను. 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదమును తిరస్కరించెను. అనంతపురము జిల్లా గుత్తివాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ప్రత్యేకముగా ఒక తీర్పు వ్రాసి, వెస్ట్‌మినిస్టరు సిద్ధాంతము పుట్టిన దేశముననే చచ్చినదనియు, పన్ను తప్పించు కపటోపాయములకు న్యాయస్థానములు ఆశీర్వాదము ఈయరాదనియు భావము వచ్చునట్లు చెప్పిరి. ధనవంతుడు తప్పించుకొన్న పన్ను బరువు చివరకు తప్పించుకొనలేని సామాన్యునిపై పడునన్నది ఆయన బాధ. మాకు ఆ తీర్పుపై మక్కువ యున్నదని దాచము. కాని 2003లో, మారిషస్ వ్యవహారములో, సుప్రీంకోర్టే ఆ మాటల వ్యాప్తిని చాలవరకు కుదించివేసినది.

మారిషస్ మాట వచ్చినది గనుక ఒక చిన్న ప్రక్కదారి. ఆంగ్లమున ‘హేవన్’ అనగా ఓడలకు తుపానునుండి ఆశ్రయమిచ్చు రేవు. ‘హెవెన్’ అనగా స్వర్గము. ఫ్రెంచివారు రేవును స్వర్గముగ మార్చిరి. మన పత్రికలవారును ‘పన్నుల స్వర్గధామము’ అని వ్రాయుచున్నారు. పన్నురేవు అనుటయే సబబని మాకు తోచును. తెలుగువారికి మారిషస్ మొదట రేవుగానే తెలియును. 19వ శతాబ్దమున కోరంగి రేవునుండి ఓడలెక్కి చెరకుతోటల కూలికై పోయిన మనవారిని అచ్చట కోరంగీలని పిలిచిరి. 1982లో ఇండియా-మారిషస్ పన్ను ఒప్పందము కుదిరిన పిదప, ఎదురుదారిన డబ్బు రాసాగెను. భారత కంపెనీ వాటాలు అమ్మిన లాభముపై పన్ను వేయు హక్కు మారిషస్‌దే అని ఒప్పందము. మారిషస్ ఆ పన్ను వేయదు. రెండు దేశములు ఒకే ఆదాయముపై రెండుమారులు పన్ను వేయకుండుటకు వ్రాసికొన్న కాగితము, ఒకమారైనను పన్ను లేకుండుటకు పనికివచ్చినది. 2016 మే నెలలో ఆ ఒప్పందమును సవరించి, 2017 ఏప్రిల్ తరువాత కొన్న వాటాలపై మనకు హక్కు తెచ్చుకొనువరకు మూడు దశాబ్దములు గడచినవి.

శాంతా తగవు నడచుచుండగనే దానికంటె పెద్ద తగవు ఢిల్లీలో తేలినది. 2007లో వొడాఫోన్ కంపెనీ, హచిసన్ వారి భారత టెలిఫోను వ్యాపారమును సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొన్నది. కొన్నదనగా, కేమన్ దీవులలో రిజిస్టరయిన ఒక కంపెనీ వాటాను కొన్నది. ఆ వాటా వెంట గొలుసువలె ఇండియా వ్యాపారము వచ్చినది. 2012 జనవరి 20న సుప్రీంకోర్టు, చట్టములో లేని పన్నును ఊహించి వేయరాదని వొడాఫోన్ పక్షమున తీర్పు చెప్పినది. రెండు నెలలు తిరుగకముందే కేంద్రప్రభుత్వము బడ్జెటులో చట్టమునే సవరింప పూనుకొన్నది. విదేశీ కంపెనీ వాటా విలువలో అధికభాగము భారత ఆస్తులనుండి వచ్చినచో ఆ వాటా ఇండియాలో ఉన్నట్లే భావింపవలెనన్నది. అది ఆ నాటినుండి కాదు, 1962 నుండి! యాబది ఏండ్ల వెనుకటి వ్యవహారములకు నేడు నియమము వ్రాయుట న్యాయమా యని దేశములోను, వెలుపలను గగ్గోలు పుట్టినది.

పన్ను శాఖవారు ఈ కొత్త ఆయుధముతో హైదరాబాదు హైకోర్టున నిలిచిరి. 2013 ఫిబ్రవరి 15న జస్టిస్ గోడా రఘురాం, జస్టిస్ ఎం. ఎస్. రామచంద్రరావు గారల ధర్మాసనము తీర్పు చెప్పెను. అది నూరు పుటలకు మించిన పెద్ద తీర్పు. సారమును మాత్రము చెప్పెదము. షాన్‌హెచ్ అమ్మకమునకు మూడేండ్ల ముందు పుట్టినది, పెట్టుబడి పెట్టినది, వాటాలు కూడబెట్టినది, అమ్మకము తరువాతను శాంతా వాటాలు దానివే. కనుక అది పన్నుకొరకు తొడిగిన ముసుగు కాదు, నిజమైన కంపెనీయే అని మొదటి నిర్ణయము. ఇక ఒప్పందము. 1992లో ఇండియా, ఫ్రాన్సు వ్రాసికొన్న దానిలో 14వ అధికరణము కలదు. ఒక దేశపు కంపెనీలో పదోవంతుకు తగ్గని వాటాను అమ్మినచో, ఆ కంపెనీ ఏ దేశముదో ఆ దేశము పన్ను వేయవచ్చును. అమ్మినవి ఎవరి వాటాలు? షాన్‌హెచ్‌వి. షాన్‌హెచ్ ఏ దేశముది? ఫ్రాన్సుది. కాబట్టి హక్కు ఫ్రాన్సుదే. 2012 సవరణ మన చట్టమును మార్చినది గాని ఫ్రాన్సుతో చేసికొన్న ఒప్పందమును మార్చలేదు. ఒప్పందమును ఒకరు ఏకపక్షముగ తిరిగి వ్రాయజాలరు. పన్ను ఉత్తరువు, అథారిటీ అభిప్రాయము రెండును కొట్టివేయబడినవి.

ఇదే మెరియూ సంస్థ 2006లో శాంతా వాటాలను తన పేరనే కొని, 2009లో అమ్మియున్నచో అదే అధికరణము ప్రకారము పన్ను మనకు వచ్చెడిది. నడుమ ఒక కంపెనీని నిలుపుటచే హక్కు సముద్రము దాటినది. అట్లని నడుమ నిలిచినవారెల్ల దొంగలనుటకు వీలులేదు. ఇద్దరు కలిసి పెట్టుబడి పెట్టునపుడు ఒక ఉమ్మడి కంపెనీ పెట్టుకొనుట వ్యాపారములో సహజమే. ఫ్రాన్సు కేమన్ దీవి కూడ కాదు. అది పన్నులు గట్టిగ వేయు దేశము. ఈ కారణములచేతనే మాకు తీర్పు చట్టరీత్యా సరియైనదని తోచుచున్నది. తప్పు తీర్పులో కాదు, 1992 నాటి కాగితములో ఉన్నది. వాటాలను నేరుగా అమ్ముటయే గాని, వాటాలున్న పెట్టెను అమ్ముట సంగతి ఆ వాక్యములో లేదు. ఉస్మానియా ప్రయోగశాలయు, ప్రభుత్వపు అప్పును, మేడ్చల్ కార్మికుని చేతిపనియు కలిసి పెంచిన విలువలో ఖజానాకు వాటా రాకపోవుట ఒక వాక్యపు లోపముచేత జరిగినదనగా, మనసు ఒప్పుకొనదు. కాని మనసు ఒప్పనిచోటెల్ల పన్ను వేయవచ్చునన్నచో రేపు ఏ రైతు, ఏ వర్తకుడు నిబ్బరముగ ఉండగలడు? చిన్నపరెడ్డి గారిపై మక్కువ యున్న మాకు ఈ రెండవ మాట వ్రాయుట సులభముగ రాలేదు.

వెనుకటి తేదీతో వేసిన పన్ను నిలువలేదు. 2020 సెప్టెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తులు వొడాఫోన్ పక్షమునను, డిసెంబరులో కెయిర్న్ పక్షమునను తీర్పు చెప్పిరి. 2021 ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టము చేసి, 2012 మే 28కి ముందు జరిగిన పరోక్ష బదిలీలపై ఆ పన్నును విరమించెను. వసూలు చేసిన సొమ్ము వడ్డీ లేకుండ తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొనెను. ముందు కాలమునకు మాత్రము నియమము నిలిచినది. దానికి తోడు, కేవలము పన్ను లాభముకొరకే పన్నిన ఏర్పాట్లను త్రోసిపుచ్చు సాధారణ నియమములు 2017 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. వాటిపై న్యాయస్థానము చెప్పిన మొదటి పెద్ద తీర్పు 2024 జూన్‌లో తెలంగాణ హైకోర్టునుండియే వచ్చినది. బోనసు వాటాలు ఇచ్చి, పాత వాటాలను నష్టమునకు అమ్మినట్లు చూపిన వ్యవహారములో పన్ను శాఖ చర్యను అది సమర్థించెను. మెక్డోవెల్, శాంతా, ఇప్పుడు ఇది. పన్ను తప్పింపు చట్టమునకు హైదరాబాదు ఒక పాఠశాలవలె అయినది.

కంపెనీ అమ్మకము అరుదుగా జరుగు పండుగ. దినదినము జరుగునది వేరు. శామీర్‌పేట ప్రక్కనున్న జీనోమ్ వ్యాలీవంటి చోట్ల ఏ సంస్థను వేలెత్తి చూపక, ఊహకు ఒక కంపెనీని అనుకొందము. మందు ఇచ్చట తయారగును. పేటెంటు ఐర్లండులోని సోదర కంపెనీ పేర ఉండును. అమ్మకము సింగపూరులోని మరియొక సోదర కంపెనీ చేయును. నూరు రూపాయల సరుకును ఇచ్చటివారు సోదరునికి అరువది రూపాయలకే ఇచ్చి, పేటెంటుకై మరియొక సోదరునికి పది రూపాయలు రాయల్టీ కట్టినచో, శామీర్‌పేట లెక్కలో లాభము మిగులదు. సరుకు బరువు తూచవచ్చును, లాభమునకు బరువు లేదు. పరాయివారితో అయినచో ఏ ధర కుదురునో ఆ ధరనే సోదరులమధ్యను లెక్కింపవలెనని 2001 నుండి మన చట్టము వివరముగ చెప్పుచున్నది. కాని లోకములో మరెవ్వరును అమ్మని పేటెంటుకు ‘పరాయి ధర’ ఏదని ఎవరు చెప్పగలరు? పేటెంటులు ఇచ్చటనే ఉండవలెనను కోరికతో, దేశములో అభివృద్ధి చేసిన పేటెంటుపై వచ్చు రాయల్టీకి 10 శాతము పన్నే చాలునని 2016లో మన ప్రభుత్వమును నిర్ణయించినది. రేవును మూయించుటకు ప్రతి దేశమును తానొక చిన్న రేవు కట్టుకొనుచున్నది!

ఆ పోటీకి అడ్డుకట్టగా 2021 అక్టోబరులో 136 దేశములు, సీమలు ఒక అంగీకారమునకు వచ్చినవి. సాలీనా 75 కోట్ల యూరోలకు మించి రాబడి గల కంపెనీల సమూహము ఎచ్చట లాభము చూపినను కనీసము 15 శాతము పన్ను పడవలెనని దాని ఉద్దేశము. చూపినచోట తక్కువ పడినచో తక్కినది కంపెనీ స్వదేశము వసూలు చేయవచ్చును. ఐరోపా దేశములు పెక్కు దీనిని చట్టము చేసినవి. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు తమ దేశమున ఈ అంగీకారమునకు బలము లేదని ఉత్తరువు చేసిరి. గమనింపదగినది మరియొకటి: మిగులు పన్నులో మొదటి హక్కులు కంపెనీ స్వదేశము వైపునకే మొగ్గును, కర్మాగారమున్న దేశము ముందుగ తన చట్టము చేసికొననిచో దానికి దక్కునది స్వల్పము. వెనుకబడిన దేశముల పట్టుదలచే ఐక్యరాజ్యసమితిలో వేరొక పన్ను ఒడంబడికకై 2024 డిసెంబరులో విధివిధానములు ఆమోదింపబడినవి.

మేడ్చల్ కర్మాగారమున టీకాల పని తీర్పు తరువాతను సాగినది. వరప్రసాద రెడ్డి గారు సంస్థనుండి విరమించిరి. కొన్ని ఏండ్లకు కంపెనీ పేరును మార్చి సనోఫీ హెల్త్‌కేర్ ఇండియా అని రిజిస్టరు చేసిరి. ఒక కుమారుడు తల్లి జ్ఞాపకార్థము పెట్టిన శాంత అను పేరు ఇప్పుడు ఆ కంపెనీ పత్రములలో ‘పూర్వనామము’ అను గడిలో ఉన్నది.